హిల్డా కట్టే రెండు ఫైళ్ళు

అమెరికాలోని డులూత్‌లో హిల్డా నోర్‌గార్డ్ చేసే పని చాలామందికి పనిగానే కనిపించదు. చిన్న ఊళ్ళ మంచినీటి పంపులు నడిపే ఉచిత ప్రోగ్రాము ఒకటుంది. అది కొత్తగా మారినప్పుడల్లా, అందరూ డౌన్‌లోడ్ చేసుకునేలా దాని సోర్స్ కోడ్‌ను కుదించి ఫైలుగా కట్టడం ఆమె వంతు. కట్టాక కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, బల్ల కింది పాత కంప్యూటర్లను ఒక్కొక్కటే ఆన్ చేసి, ప్రతిదానిలోనూ ఆ ఫైలు విప్పి చూస్తుంది. ఈలోగా కాఫీ చల్లారిపోతుంది. "కొత్త పద్ధతిలో కుదిస్తే సైజు సగమవుతోంది కదా హిల్డా, ఆ పాత పద్ధతిని ఇంకా ఎందుకు మోస్తావ్?" అని తోటి ఉద్యోగి కర్టిస్ ఆటపట్టించేవాడు. "చిన్నగా కట్టడం నీకు ముద్దు. విప్పేవాళ్ళ దగ్గర ఏముందో నీకేం తెలుసు?" అంటూ ఆమె రెండు పద్ధతుల్లోనూ ఫైళ్ళు కట్టి పెట్టేది.

జనవరిలో ఒక ఉదయం, ఉత్తరాన మంచులో కూరుకున్న ఊరి నుంచి వెండెల్ అనే పంపు ఆపరేటర్ హిల్డాకు ఫోన్ చేశాడు. అక్కడి కంప్యూటర్ కాలిపోతే, మూలనున్న ఇరవై ఏళ్ళనాటిది బయటికి తీశాడట. "ఫైలు తెరుచుకోవట్లేదు మేడం. ట్యాంకులో మధ్యాహ్నం దాకా సరిపోయే నీళ్ళే ఉన్నాయి." "కంగారు పడకు. డౌన్‌లోడ్ పేజీలో దాని కిందే పాత రకంది ఉంది, అది దించుకో," అంది హిల్డా. ఆ ముసలి యంత్రం, ముందురోజే కట్టిన ఫైలును అక్షరం పొల్లుపోకుండా విప్పింది. హిల్డా ఒక్కో మెట్టూ చెబుతూ పోయింది. రెండు గంటల తర్వాత ఫోన్లో పంపు హోరు వినిపించింది. "వచ్చేశాయ్!" అని వెండెల్ అరిచాడు. "నీళ్ళు తేటగా ఉన్నాయా?" అని మాత్రం అడిగిందామె. పక్క బల్ల దగ్గర ఇదంతా వింటున్న కర్టిస్ తాను ఎప్పుడు లేచి నిలబడ్డాడో గమనించుకోలేదు.