రెండుసార్లు చెప్పిన నంబరు

సీడీలకు గీతలు పడతాయి, కంప్యూటర్‌కు పడవు. నా తెలివి అక్కడే తెల్లారింది. బోధన్‌లోని మా ఇంట్లో ఉన్న సీడీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, పెద్ద స్పీకర్లకు కలిపాను. చర్చిలో మా బాపు పాడిన ఆరాధన పాటల సీడీ కూడా వాటిలో ఉంది. ప్రతి పాటకు ముందు పాటల పుస్తకంలోని నంబరు రెండుసార్లు చెప్పడం ఆయన అలవాటు. పాట శుభ్రంగా మొదలవ్వాలని ఆ మాటలన్నీ కత్తిరించేశాను. ఇక పనికిరావనుకున్న సీడీలను అన్న ఎడపల్లి పొలానికి తీసుకుపోయి, పిట్టలు వాలకుండా వరిచేలో తాళ్లకు కట్టాడు.

బాపు పోయాక మొదటి ఆదివారం అవ్వ, మా అమ్మ, ఆ పాటలు పెట్టమంది. బాపు గొంతు ఎదురుగా నిలబడి పాడినంత స్పష్టంగా వచ్చింది. అవ్వ మాత్రం పుస్తకం ఒళ్లో పెట్టుకొని, పేజీ తిప్పకుండా కూర్చుంది.

"గదేందిరా, మీ బాపు నంబరు చెప్పకుంటనే పాడవట్టె?"

వెంటనే బాపు సీడీ కోసం ఎడపల్లి పోయాను. ఎండకూ వానకూ సీడీల మీది మెరుపు పొర లేచిపోయింది. బాపు సీడీలోంచి అవతలి చేను కనబడుతోంది.

"పిట్టలైతే ఒక్కటి వాలలేదురా," అన్నాడు అన్న, సంబరంగా.

ఇప్పుడు ఆదివారం పూట అవ్వే నంబరు చెప్తుంది. రెండుసార్లు. ఆ తర్వాతే నేను పాట పెడతాను.