గుట్టదాకా పరుగు

మొన్నొక ఉదయం చిలకలూరిపేట హైవే పక్కన స్కూలు బస్సు కోసం నిలబడి ఉంటే, గోతాల నిండా మిరపకాయలేసుకున్న లారీ ఒకటి మా ముందు నుంచి పోయింది. అది పోయిన తర్వాత కూడా ఆ ఎండుకారపు ఘాటు గాల్లో చాలాసేపు నిలిచింది. నా పక్కనున్న లెక్కల టీచరు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ అమ్మాయి మా స్కూల్లో కొత్తగా చేరింది. పరుగంటే పిచ్చి. సెలవు దొరికితే స్నేహితులతో కలిసి కొండలూ అడవులూ వెతుక్కుంటూ పోయి పరిగెత్తి, ఆ దారుల ఫోటోలు ఫోన్లో పెడుతుంటుంది. "మేడం, మీది చీమకుర్తి అవతల పల్లె కదండీ? అక్కడ పరిగెత్తడానికి మంచి దారేమన్నా ఉందా? పొలాలు, వాగు, చిన్న కొండ, అట్లాంటివి?" అని అడిగింది. "ఉండేది" అన్నాను. బస్సొచ్చింది. 

ఆ దారిలో నన్ను పరిగెత్తించింది మా రూతు పిన్ని. అమ్మకు ఆఖరి చెల్లెలు, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, అంతే. అమ్మా నాన్నా పేటలో జిన్నింగు మిల్లు పనికి పోయి, ఆ దూది దుమ్ములో పిల్ల ఎందుకని నన్ను అమ్మమ్మ దగ్గర వదిలారు. అమ్మమ్మ కూలికి పోయేది. పత్తి తీతలకు, మిరపకోతలకు, ఆకు సీజన్లో పొగాకు మగ్గబెట్టే బ్యారన్ల దగ్గరికి. సాయంత్రం ఆమె ఒళ్లో పడుకుంటే కొంగులోంచి ఆ రోజు ఏ పనికి పోయిందో వాసన వచ్చేది. మిరపకోత రోజుల్లో మా తలలు కూడా నిమిరేది కాదు, చేతులు మండుతుంటాయని.

పిన్ని నడవడం నాకు గుర్తు లేదు. నీళ్లకు పోయినా, కొట్టుకు పోయినా, చర్చి గంట కొట్టాక ఆలస్యంగా బయల్దేరినా పరుగే. హైస్కూలు డ్రిల్లు మాస్టారు అది చూసి ఒకరోజు సైకిలేసుకుని మా ఇంటికే వచ్చారు. "అమ్మా, మీ పిల్ల కాళ్లలో మంచి వేగం ఉంది. రోజూ పొద్దున్నే పరిగెత్తనివ్వండి, పోటీలకు నేను తీసుకుపోతా" అన్నారు. అమ్మమ్మ చేట పక్కన పెట్టి, "ఆడపిల్ల ఒకతే డొంకల్లో పరిగెత్తుతుంటే ఊరు ఊరుకుంటదా సారూ?" అంది.  పిన్ని గుంజ పట్టుకుని నేల చూపులు చూస్తోంది. మళ్లీ అమ్మమ్మే నా వైపు చూసి, "దీన్ని గూడా తీసుకుపో. ఇద్దరుంటే ఎవురూ ఏమీ అనరు" అంది. అట్లా నేనూ పరుగులో పడ్డాను.

కోడి కూసిన తర్వాత, ఇంకా ముఖాలు సరిగా కనపడని వేళ బయల్దేరేవాళ్లం. పల్లె దాటితే డొంక, రెండు వైపులా సర్కారు తుమ్మ, మధ్యలో బండి చక్రాల గాళ్లు. ఒక గాడిలో పిన్ని, ఇంకో గాడిలో నేను. వానాకాలం ఆ నల్లరేగడి కాళ్లకు పట్టి, అడుగడుక్కీ బరువెక్కి, కాసేపటికి అరికాలి కింద ఇంకో చెప్పు మొలిచినట్టుండేది, పుల్లతో గీకి మళ్లీ పరిగెత్తేవాళ్లం. ఎండాకాలం అదే నేల నెర్రెలిచ్చి, చూసుకోకుండా కాలేస్తే మడమ లోపలికి దిగేది. పల్లేరుకాయలు ఏ కాలంలోనైనా ఉండేవి. ముల్లు దిగితే పిన్ని నా కాలు తన మోకాలి మీద పెట్టుకుని, ఉమ్మి రాసి, పిన్నీసుతో తీసి, "లే, ఏడిస్తే ఊపిరి పోద్ది, పరిగెత్తలేవు" అనేది.

డొంక దాటాక పత్తిచేలు. కార్తీకం వచ్చేసరికి కాయలు పగిలి, ఆ మసక వెలుతురులో చేను చేనంతా తెల్లగా కనపడేది. మంచుకు తడిసిన పత్తి ఆకులు మోకాళ్లకు తగిలి లంగాలు తడిసిపోయేవి. కముజు పిట్టలు కాళ్ల కిందనుంచి బుర్రుమని లేచి గుండె ఝల్లుమనిపించేవి. తర్వాత పొగాకు బ్యారన్లు. లోపల ఆకు మగ్గుతుంటే ఆ గోడల పక్కన గాలి వెచ్చగా, తియ్యగా, కాస్త తల తిరిగేట్టుండేది. చలి రోజుల్లో అక్కడ పరుగు నెమ్మది చేసి గోడకు వీపులు ఆనించేవాళ్లం. పొయ్యి ఎగదోసే తాత "పొద్దున్నే ఎవురు తరుముతున్నారే మిమ్మల్ని?" అని నవ్వేవాడు. మాఘం దాటితే మిరప కల్లాలు, నేల మీద ఎర్రదుప్పటి పరిచినట్టు. అక్కడ మాత్రం గుడ్డ ముక్కుకు కట్టుకుని, ఊపిరి బిగబట్టి దౌడు తీసేవాళ్లం. ఇద్దరిలో ఎక్కువసేపు ఊపిరి బిగబట్టేది పిన్నే. కల్లాలు దాటి వాగు ఇసకలో కూలబడి నేను తుమ్ముతుంటే, ఆమె నా పక్కన నిలబడి అప్పుడు నింపాదిగా గాలి పీల్చుకునేది.

వాగు అవతల గుట్ట. పెద్దదేం కాదు. సీతాఫలం చెట్లు, బలుసు పొదలు, నల్లటి బండలు. బండ పగిలిన చోట చిన్నచిన్న మెరుపులుండేవి. వాన వెలిసిన పొద్దున ఎండ పడితే గుట్టంతా మినుకుమినుకుమనేది. పైకెక్కితే మా పల్లె, చర్చి శిలువ, చేలు, అన్నీ కనపడేవి. తూర్పున ఆకాశం అంచున ఒక గీత వెలిగేది. అది సముద్రమని పిన్ని, కాదని నేను. ఒకసారి అక్కడ కూర్చుని, "నేను పోలీసునవుతానే. పోలీసోళ్లు రోజూ పరిగెత్తాలంట. ఎవురూ వద్దనరు" అంది.

మాస్టారు అన్న మాట నిలబెట్టుకున్నారు. ఒంగోలులో జరిగిన పోటీలకు తీసుకుపోయారు. బూట్లేసుకున్న పట్నం పిల్లల మధ్య పిన్ని ఉత్తకాళ్లతో పరిగెత్తి మొదట వచ్చింది. ఆ క్రిస్మస్‌కు పాస్టరుగారు ఆరాధనలో ఆమె పేరు చెప్పి ప్రార్థన చేశారు. అమ్మమ్మ అరిసెలు వండి, నక్షత్రం కట్టిన వాకిట్లో కూర్చుని, వచ్చినవాళ్లకల్లా పళ్లెంలో పెట్టిస్తూ "మా రూతుదే, ఫస్టు" అని, అడగకముందే చెప్పింది. మా ఇంట్లో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాతి వేసవిలో గుట్టకు మనుషులొచ్చారు. ముందు సున్నపు గుర్తులు, తర్వాత కంచె, తర్వాత మిషన్లు. ఆ మెరుపు రాయికి విదేశాల్లో గిరాకీ అని ఊళ్లో చెప్పుకున్నారు. మేము వాగు దాకా పోయి ఆగిపోయేవాళ్లం. ఎర్రజెండా పట్టుకున్న ఒకాయన "ఇటు రావద్దమ్మా, రాయి పేలుస్తారు" అని దూరం నుంచే అరిచేవాడు. లారీలు తిరగడానికి డొంకను వెడల్పు చేశారు, తుమ్మచెట్లు కొట్టేశారు. కొన్నాళ్లకు పత్తి ఆకుల మీద మంచు కురిసినట్టు బూడిదరంగు దుమ్ము. మా పరుగు పల్లె చుట్టూ తిరిగే పరుగైంది. అయినా పిన్ని మానలేదు.

కానిస్టేబులు సెలక్షన్లకు పోయిన రోజు నేనూ వెంట ఉన్నాను. మైదానంలో పరుగు ఆమెదే, చూస్తున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. తర్వాత కొలతల దగ్గర నిలబెట్టారు. ఎత్తు గోరంత తక్కువ. ఇంకోసారి చూడమని బతిమాలింది. చూశారు. అంతే ఉంది. బస్సులో తిరిగొస్తూ ఒంగోలు నుంచి మా ఊరి దాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఇంట్లో అమ్మమ్మ, "పరిగెత్తేది కాళ్లు గదంటే, ఎత్తుతో వాళ్లకేం పని?" అని అడుగుతూనే ఉంది. 

పిన్నిని చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్లో పనిచేసే ఆయనకిచ్చారు. బాబాయి మంచివాడు, నెమ్మదస్తుడు. కొన్నాళ్లకు ఆమె కూడా అదే యూనిట్లో చేరింది. పలకల అంచులు నున్నచేసే చోట ఊడ్చడం, తుడవడం. సెలవుల్లో నేను పోతే కనుబొమ్మలు, వెంట్రుకలు తెల్లగా, పిండిమరలోంచి వచ్చినట్టు వచ్చేది. "పౌడరు కొనే పని లేదే మాకు" అని నవ్వేది. ఆ గుట్ట రాళ్లు కూడా అక్కడికే వచ్చేవి. "మన రాయి చూడంగానే పోల్చుకుంటా" అంది ఒకసారి.

దగ్గు మొదలైతే టీబీ అన్నారు. మందులు వాడింది, తగ్గలేదు. మళ్లీ వాడింది. చివరికి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరు ఎక్స్‌రే చూస్తూనే "రాయి పనా?" అని అడిగాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుపోయిందని, పోయిన ఊపిరి తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని చెప్పాడు. "నేను మిరప కల్లాలు ఒక్క ఊపిరిలో దాటేదాన్ని సార్" అంది పిన్ని. ఆయనకు అర్థం కాలేదు. చీటీ రాసిచ్చాడు.

పోయిన నెల చూడ్డానికి పోయాను. ముందు ఆటో మాట్లాడుకుని మా ఊరి వైపు పోయి, గుట్ట ఉండే చోట దిగాను. అక్కడ గుట్ట లేదు, గొయ్యి ఉంది, అడుగున పచ్చటి నీళ్లు. వాగులో ఇసక లేదు, రాతి ముక్కలు పోసి పూడ్చారు. బ్యారన్లలో ఒకటి మొండిగోడగా మిగిలింది. ఎక్కడ గాడి, ఎక్కడ చేను, ఎంత తిరిగినా పోల్చుకోలేకపోయాను. లారీ ఒకటి హారను కొడితే పక్కకు తప్పుకున్నాను.

చీమకుర్తి కాలనీలో పిన్ని తన ఇంటి వాకిట్లో మంచం మీద ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరాడదట. మాట్లాడితే మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది. నా స్కూలు గురించి అడిగింది, నా పిల్లల గురించి అడిగింది. పరుగు మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. అంతలో స్కూలు వదిలిన కాలనీ పిల్లలు సంచులు వీపులకేసుకుని, ఒకరినొకరు తరుముకుంటూ, కేకలు పెడుతూ వీధి ఆ చివర నుంచి దూసుకొచ్చారు. ముందున్న ఆడపిల్ల చాలా బాగా పరిగెత్తుతోంది. నేను ఆ పిల్లనే చూస్తున్నాను. పిన్ని మంచం పట్టె పట్టుకుని లేవబోయి, లేవలేక, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని అరిచింది.

"ఒసేయ్, పరిగెత్తకండే... దుమ్ము రేగుద్ది!"

పిల్లలు ఆగిపోయారు. తర్వాత ఒకరి వెనక ఒకరు, అడుగు మెల్లగా వేసుకుంటూ, మా ముందు నుంచి నడిచి వెళ్లారు.