మాడని ముద్ద

ఇన్నేళ్ళూ గుండెల మీద తిరగలి పెట్టుకుని బతికాను. దింపుదామంటే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకక్కర్లేదు. అందుకే మీ ముందు దింపుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. భర్త పోయాక బెంగుళూరులో ఒక వకీలుగారింట్లో వంట చేసేదాన్ని. ఆదివారం పూట ఆయన కొత్త వకీళ్ళను కూర్చోబెట్టి, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న కేసుల్లో పిల్లల సాక్ష్యాన్ని ఎలా చూడాలో నేర్పేవాడు. పిల్ల వేషానికి నన్ను పిలిచేవాడు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ పోయి నేల మీద కూర్చునేదాన్ని. వాళ్ళు అడిగేవారు, నేను చెప్పేదాన్ని, అందరూ నవ్వేవారు. ఎవరో నేర్పి పంపిన పిల్ల గడగడా అప్పజెబుతుందనీ, నిజం చెప్పే పిల్ల మధ్యలో కేసుకు పనికిరాని చిన్న ముక్క ఒకటి వేస్తుందనీ ఆయన అనేవాడు. ఆ మాట నా తలలో నాటుకుపోయింది.

నా చెల్లెలు రెండో కాన్పులో బిడ్డతో సహా పోతే, దాని ఆరేళ్ళ కూతుర్ని నేను తెచ్చుకున్నాను. ఏడాది తిరిగాక దాని తండ్రి, నగర్తపేటలో మగ్గం నేసేవాడు, బిడ్డను పంపమన్నాడు. పండక్కి ఒక్కరోజు తప్ప నేను పంపలేదు. అతను కోర్టుకెక్కాడు. మారుతల్లి వస్తే పిల్ల గతేమిటని భయపడ్డానా? అందరితో అలాగే చెప్పాను. నిజం అది కాదు. నాకు పిల్లలు లేరు. అది నా పక్కలో పడుకోవడం అలవాటైంది. అంతే.

కోర్టు ముందు రోజు దాన్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

“జడ్జిదొర అడిగితే ఏం చెప్తావే?”

“పండక్కి పోయినప్పుడు నాయన మగ్గం నాడెతో కొట్టినాడని.”

“అట్లా గబగబా చెప్పొద్దు. కాలి బొటనవేలు చూసుకుంటా ఉండు. ఆ పొద్దు ఆడ మీ అవ్వ చేసిన రాగిముద్ద మాడిపోయిందని చెప్పు. ఆమీట కొట్టినాడు అను.”

“నాయన కొట్టలేదు కదా పెద్దమ్మా? ముద్ద కూడా మాడలేదు.”

“నాకు తెలీదా? చెప్తే ఈడనే ఉంటావు. లేదంటే నీ పిల్లికూనను ఇడిసిపెట్టి పోవాల.”

చెప్పింది. నేర్పినదానికంటే బాగా చెప్పింది. మాడు వాసన తనకు పడదని కూడా చేర్చింది. జడ్జి పిల్లను నాకిచ్చాడు. బయట మెట్ల మీద దాని తండ్రి నన్ను ఆపి “వదినా, నేను కొట్టినానా?” అన్నాడు. అరవలేదు. తనకే అనుమానం వచ్చినట్టు అడిగాడు. నేను పిల్లను ఎత్తుకుని నడిచాను.

నా మాట నమ్మి డబ్బు తీసుకోకుండా కేసు వాదించిన వకీలుగారు, తర్వాతి ఆదివారం ఆ ముద్ద మాటనే కొత్తవాళ్ళకు చెప్పి, ఎవరూ నేర్పని సాక్ష్యమంటే ఇదీ అన్నాడు. నేను కాఫీ లోటాలు పెడుతున్నాను. అప్పుడైనా నోరు తెరవచ్చు కదా? తెరవలేదు. లోపలెక్కడో గర్వపడ్డాను.

పిల్ల పెరిగింది. దాని పలక మీదే నేనూ ఓనమాలు దిద్దాను. తండ్రి వీధి చివర కనబడితే నా కొంగు వెనక దాక్కునేది. నటన అనుకున్నాను. కాదు, నమ్మేసింది. అతను చనిపోయాడని కబురొస్తే చూడ్డానికి కూడా కదల్లేదు. ఇప్పుడు తన పిల్లలకు చెబుతుంది, మా నాయన నాడెతో కొట్టేవాడని. అన్నం అడుగంటితే ఈనాటికీ దాని ముఖం మారిపోతుంది.

దానికి చెప్పాలా? చెబితే ఉన్న ఒక్క తల్లినీ పోగొట్టుకుంటుందని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. అదీ సాకే. పోగొట్టుకునేది నేను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాడు లేడు.

ఆ పండగనాడు ఆ ఇంట్లో ముద్ద మాడలేదు. ఆ పిల్లను ఎవరూ కొట్టలేదు. రాశాను.