గడ్డిమిషను పెళ్ళిచూపులు

పెళ్ళిచూపుల్లో కాఫీ ఒలకబోసుకున్నవాళ్ళు ఉంటారు. అమ్మాయిని చూడమంటే అమ్మాయి చెల్లెల్ని చూసొచ్చినవాళ్ళూ ఉంటారు. పెళ్ళికూతురి బలగాన్నంతా గడ్డి కోసే మిషనుతో తరిమిన పెళ్ళికొడుకు మాత్రం, చిత్తూరు జిల్లా మొత్తానికి, నాకు తెలిసి నేనొక్కణ్ణే. ఈ ఘనకార్యం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లోవాళ్ళు ఇంకా ఆపలేదు.

ఎనభైల మొదట్లో నేను రేణిగుంట దగ్గర ఒక మిల్లువాళ్ళ గెస్టుహౌసులో తోట సూపర్వైజరుని. వ్యవసాయంలో డిప్లొమా, నూనె రాసి దువ్విన క్రాపు, వీధులు ఊడ్చేంత వెడల్పు బెల్‌బాటం ప్యాంటు, అన్నీ ఉన్నాయి. పెళ్ళే కావడం లేదు. కారణం ఉద్యోగం. పూతలపట్టులో ఉండే మా మేనమామ మునస్వామి పాపం సంబంధాలు వెతుక్కొచ్చేవాడు. "పిల్లోడు ఏం జేస్తాడప్పా?" అని వాళ్ళు అడిగితే, అబద్ధం చెప్పడం చేతకాక, "గడ్డి సూసుకుంటాడు" అనేవాడు. "గడ్డి పీకేవానికా పిల్లనిచ్చేది?" అని వాళ్ళు కండువా దులుపుకొని లేచేవాళ్ళు. అట్లా రెండు సంబంధాలు గడ్డిలో కలిసిపోయాయి.

అదిగో, అప్పుడు దిగింది మిషను. మా యజమాని విదేశం నుంచి ఓడలో తెప్పించాడు. ముందు గడ్డి కోసే పళ్ళెం, దాని మీద ఇంజను, వెనక రెండు చక్రాలు, ఆ వెనక ఎద్దుకొమ్ముల్లా రెండు పొడుగాటి పిడులు. పిడులు పట్టుకొని మనం వెనకాల నడవాలి. ప్రతి పిడి కిందా సైకిలు బ్రేకులాంటి మీట. స్టీరింగు లేదు. దాన్ని బిగించడానికి మద్రాసు నుంచి వచ్చిన మెకానిక్కు తన అరవ తెలుగులో పాఠం చెప్పాడు.

"సూడు సార్, ఇంజన్లోంచి రెండు చక్రానికి రెండు బెల్టు. ఎడం మీట పట్టితే ఎడం బెల్టు వదులైపోతాది, ఆ చక్రం నిలబడిపోతాది. కుడి చక్రం మాత్రం పోతా ఉంటాది. అప్పుడు మిషను ఎడంకు తిరిగిపోతాది. కుడి మీట పట్టితే కుడికి. రెండూ పట్టితే ఆగిపోతాది, రెండూ వదిలితే నేరుగా పోతాది. అంతే సార్."

"నాకు తెలీదా అప్పా? మడక దున్నినోణ్ణి. ఎడం పక్క దాపటెద్దును నిలేసి కుడి పక్క వలపటెద్దును తోలితే మడక ఎడంకు తిరగదా?" అన్నాను నేను గొప్పగా.

అతను మెచ్చుకున్నాడు. తన పక్కన నిలబెట్టుకొని షెడ్డు నుంచి గేటుదాకా నేరుగా నడిపించి, మద్రాసు రైలెక్కాడు. మీరు గమనించాలి, నాకు సిద్ధాంతం బాగానే ఒంటబట్టింది. చెవులు విన్నాయి, బుర్ర ఒప్పుకుంది. చేతులకే ఎవరూ చెప్పలేదు. చేతులకు తెలిసింది సైకిలొకటే. చిన్నప్పుడు మా నాయన నెత్తిన మొట్టి నేర్పిన పాఠం వాటికి బాగా గుర్తు: "కుడి బ్రేకు ముట్టుకుంటివా, బోర్లాపడి పండ్లు రాలిపోతాయి. ఎప్పుడైనా ఎడం బ్రేకే పట్టాల!"

ఇంతలో మూడో సంబంధం వచ్చింది. చిత్తూరులో బెల్లం మండీ ఆయన కూతురు, సుగుణ. ఈసారి మా మామ తెలివిమీరి "పిల్లోడు ఫారిన్ మిషను నడుపుతాడు" అన్నాడు. మండీ ఆయన వ్యాపారస్తుడు, ఊరికే నమ్మే రకం కాదు. "ఇంట్లో సూస్తే అందురూ బుద్దిమంతులే. పనికాడ సూస్తాం" అన్నాడట. తిరుమల దర్శనం చేసుకొని దిగివస్తూ కుటుంబం మొత్తం జీపులో మా గెస్టుహౌసుకు వచ్చేశారు. మండీ ఆయన, ఆయన భార్య, సుగుణ, అందరికంటే ముఖ్యంగా వాళ్ళ అవ్వ. ఆ ఇంట్లో బెల్లానికి రేటు కట్టేది ఆయనైనా, మనుషులకు రేటు కట్టేది అవ్వేనని మామ నా చెవిలో ఊదాడు. "అవ్వ ఊ అంటేనే పని అయితాది. ఇదీ పోతే ఇంగ నా వల్ల గాదు అల్లుడా, నువ్వు కొండెక్కి గుండు కొట్టించుకోని ఆన్నే ఉండిపో" అన్నాడు.

లాను అంచున వాళ్ళకు పేము కుర్చీలు వేయించాను. సుగుణ వైపు నేరుగా చూడలేక ఆమె చేతిలోని లడ్డూ పొట్లం వైపు చూశాను. తర్వాత తాడు లాగాను. ఇంజను మొదటి లాగుడుకే గర్జించింది. మీటలు రెండూ నొక్కిపెట్టి ఉంచే కొక్కేలను బొటనవేళ్ళతో ఎగరగొట్టాను. మిషను నేరుగా, హుందాగా కదిలింది. మామ మీసం దువ్వాడు. నేను కూడా దువ్వేవాణ్ణే, చేతులు ఖాళీ లేవు.

లాను చివర్న గులాబీ పాదు వచ్చింది. ఆపాలి. చేతులు తమకు తెలిసిన పని చేశాయి. ఎడం మీట పట్టాయి.

ఎడం చక్రం ఠక్కున నిలబడింది, కుడి చక్రం ఉరికింది. మిషను ఎడంపక్కకు గిర్రున తిరిగింది. ఆగలేదు కదా అని ఇంకా గట్టిగా పట్టాను. ఇంకా గట్టిగా తిరిగింది. దాని వెనక నేను గానుగెద్దులా, కాదు, గానుగెద్దుకు తోకలా తిరుగుతున్నాను. బెల్‌బాటం గొడుగులా విచ్చుకుంది.

"బలే తిప్పతా ఉండాడే!" అన్నాడు మండీ ఆయన మొదటి చుట్టుకు. రెండో చుట్టుకు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

మూడో చుట్టుకు అవ్వ కేకపెట్టింది. "ఓరి నీ పాసుగాల! ఎడం సుట్టు తిరగతా ఉండావేందిరా? అది సావుకాడ తిరిగే తిరుగుడు! శుభమా అని పిల్లను సూసేదానికొస్తే అపసవ్యమా?"

సంబంధం పోయింది, పోతే పోయింది, చావుచుట్టు తిరిగినవాడని పేరొస్తే నాలుగో సంబంధం కూడా రాదు. భయంతో ఎడం మీట వదిలేశాను. వదిలితే నేరుగా పోతుందని ఆ మెకానిక్కు చెప్పలేదూ? పోయింది. నేరుగా కుర్చీల మీదికి.

"వదిలెయ్ అల్లుడా, వదిలెయ్!" అని మామ.

"వదిల్తేనే వస్తా ఉండాది మామా!" అని నేను.

మండీ ఆయన వరండా గోడెక్కాడు. ఆయన భార్య జీపెక్కింది. సుగుణ వరండా మెట్ల దగ్గరికి తప్పుకుంది. అవ్వకు మోకాళ్ళనొప్పులు, లేవలేక కుర్చీలోనే ఉండిపోయింది. ముందు అవ్వ, వెనక మిషను వదలని నేను. ఎడం మీట అశుభమని తేలిపోయింది కాబట్టి పళ్ళు రాలినా సరేనని కుడి మీట పట్టాను. చెమటకు చెయ్యి జారుతుంటే పట్టు సగమే దొరికింది. దాంతో మిషను కుడివైపుకు వెడల్పుగా, తీరుబడిగా తిరగడం మొదలుపెట్టింది. ఆ చుట్టుకు సరిగ్గా నడుమ, పేము కుర్చీలో, అవ్వ.

ఒక చుట్టు. రెండు. మూడు. నయమేమంటే, బ్లేడు తిప్పే లివరు నేను ఇంకా వెయ్యనేలేదు. గడ్డిమిషనుతో గడ్డిపరక కూడా కొయ్యకుండా ఊరేగిన సూపర్వైజరుని నేను.

"నిలపరా సామీ!" అని గోడ మీంచి మండీ ఆయన మొత్తుకుంటున్నాడు. నాలుగో చుట్టులో చెయ్యి పూర్తిగా జారింది. మిషను మళ్ళీ నేరుగా లగెత్తింది. ఎదురుగా మెట్ల దగ్గర సుగుణ, పొట్లంతో, కదలకుండా నిలబడి ఉంది. ప్రాణం పోయినంత పనై నా రెండు పిడికిళ్ళూ ఒక్కసారిగా బిగుసుకున్నాయి. రెండు బెల్టులూ వదులయ్యాయి. మిషను ఆమె ముందు బారెడు దూరంలో నిలబడి బుసలు కొట్టింది.

సుగుణ మిషనునూ నన్నూ మార్చి మార్చి చూసింది. "అయిపాయనా, ఇంగా ఉండాదా?" అని అడిగింది.

నాకు ఆ క్షణాన ఆమె మీద పుట్టిన ప్రేమ ఇంతా అంతా కాదు. కానీ ఏం లాభం? మండీ ఆయన గోడ దిగి పంచె దులుపుకున్నాడు. ఆ దులుపుడు నాకు రెండు సంబంధాల నుంచీ పరిచయమే.

"పొయ్యొస్తాం మునస్వామప్పా. పిల్లోడి మాట మిషనే ఇనడంలేదు" అన్నాడు.

"యాడికిరా పొయ్యేది? కూర్సో!" అంది అవ్వ. ఆయన కూర్చున్నాడు. "మిషను ఇనకపోతే ఏమిరా, పిల్లోడు ఇన్నాడు గదా! ఎడం సుట్టు వొద్దు అంటానే కుడి సుట్టు తిరిగినాడు. నువ్వా, నీ పెండ్లామా, మన కొంపలో నా మాట ఇంత బిరీన ఇన్నోళ్ళు ఎవురుండారు? అమ్మోరికి జేసినట్టు నా సుట్టూ మూడు ప్రదచ్చిణాలు జేసినాడు. నా సుట్టే ఇంత భక్తిగా తిరిగినోడు, దాని సుట్టు జన్మంతా తిరగడా? తాంబూలాలు తీసుకోండి!"

ఆ పూటే అలిపిరి వైపు తిరిగి, గ్రీజు చేతులతోనే కొండకు దండం పెట్టి గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. ఓ ఏడుకొండలవాడా, రెండు చేతులతో పట్టాల్సినదాన్ని ఇక ఈ జన్మలో ఒంటిచేత్తో పట్టను. ఎవరి చుట్టూ తిరగాల్సివచ్చినా ఎడంగా తిరగను, కుడిచుట్టే తిరుగుతాను. మొదటి మాట ఎంతవరకు నిలబెట్టుకున్నానో మా మిల్లు గులాబీలను అడగాలి. రెండో మాట మాత్రం నలభై ఏళ్ళుగా సుగుణ దగ్గరుండి పాటింపజేస్తోంది.