ఒక్కపొద్దు నాటి గోలి

మా అవ్వ బీపీ గోలీలు వాడబట్టి ఆరేళ్లయింది. నెలకోసారి ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఇచ్చిపోతుంది. పొద్దున తిన్నాక ఒకటి వేసుకోవాలి. అవ్వ వాటిని వక్కల డబ్బాలో పెట్టుకుంటుంది.

సోమవారం, శనివారం అవ్వకు ఒక్కపొద్దు. సాయంత్రం దీపం పెట్టాకే అన్నం తింటుంది. ఆ రెండు రోజులు గోలి ముట్టదు. తిన్నాక వేసుకోమన్నారు, తినలేదు కాబట్టి వేసుకోదు. నెలాఖరుకు ఎనిమిదో తొమ్మిదో డబ్బా అడుగున మిగిలేవి. నేను డైరీలో రాసుకునేదాన్ని. ఎవరితోనూ అనలేదు.

పోయిన చలికాలంలో అవ్వ తల తిరిగి వాకిట్లో కూలబడింది. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టర్ బీపీ చూసి, "రోజూ వేసుకుంటున్నవా అవ్వా?" అన్నారు.

"ఏస్కోకుంట ఉంటనా సారూ?"

"మరి గింతెందుకున్నది? డోసు పెంచాలె."

ఆయన చీటీ మీద రాయబోయారు. వేసుకోని గోలీలు లెక్కలోకి రాకుండానే మందు పెరగబోతోంది. నేను చెప్పాను, ఆయనకు వినిపించలేదు. మళ్లీ చెప్పాను. "సోమవారం, శనివారం వేసుకోదు సార్."

అవ్వ నా వైపు గుడ్లురిమి చూసింది. "ఒక్కపొద్దు సారూ. పరగడుపున ఎట్ల మింగుత?"

"ఆ రోజు చాయ్ తాగుతవా?"

"తాగుత."

"చాయ్ తాగితే చెడని ఒక్కపొద్దు గోలితోని చెడుతదా?"

"చాయ్ ఏరు, గోలి ఏరు. గవి మీకెర్కగావు."

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. డాక్టరూ నవ్వారు. "సరే, ఆ రెండు రోజులు మాపటికి తిన్నంక ఏస్కో. నెల తర్వాత చూసి పెంచుడా, వద్దా చెప్త."

"గీ ముచ్చట ముందుగాల్నే చెప్తె అయిపోతుండె గదా!" అంది అవ్వ డాక్టర్‌తో.

బస్సు జడ్చర్ల దాటాక, "ఇంట్ల నోరు లేవది, ఆడ లేచింది. ఏ దినం ఏస్కోలేదో నీకెట్ల యాదికున్నది? నా మీద రాస్కుంటున్నవా ఏంది?" అంది. ఊఁ అన్నాను.

సోమవారం దీపం పెట్టి, అన్నం తిని, గోలి మింగి, చెంబు కింద పెట్టి పిలిచింది. "ఏమే, ఏస్కున్న. రాస్కో."

నెల తర్వాత మళ్లీ పోయాం. బీపీ తగ్గింది. డాక్టర్ పాత డోసే ఉంచి, "ఒక్కటన్న తప్పలేదా?" అని అడిగారు.

"యాడ తప్పనిస్తది సారూ," అని అవ్వ నన్ను మోచేత్తో పొడిచింది.