సత్తిరాజుగారు నోరు తెరిచి అడిగిన రోజు

భీమవరం పక్క పల్లెలో సత్తిరాజుగారింటికి వెళ్ళి భోంచెయ్యకుండా తిరిగొచ్చినవాళ్ళు లేరు. కరెంటు లైన్‌మన్ కూడా ముందు గారెలు తిని, తర్వాతే స్తంభం ఎక్కాలి. పెట్టడమంటే ఆయనకు ప్రాణం. అడగడమంటే మాత్రం చచ్చేంత సిగ్గు. రైల్లో పక్కాయన్ని కాస్త జరగమనలేక నిడదవోలు దాకా నిలబడి వెళ్ళిన మహానుభావుడు.

అలాంటాయన 2002లో సంక్రాంతి వెళ్ళాక రాజమండ్రిలో ఒక పోటీకి వెళ్ళారు. కొత్తగా పరిశ్రమ పెట్టదలచినవాళ్ళు ఐదు నిమిషాల్లో తమ ఆలోచన చెప్పాలి. నచ్చితే వర్తకుల సంఘంవారు కావలసిన సాయం చేస్తారు. రాజుగారు తయారుచేసింది రొయ్యల చెరువులో నీళ్ళు చిలికి గాలి ఎక్కించే తెడ్ల చక్రం. బయటినుంచి తెప్పించిన చక్రం ఆగిపోతే విడిభాగాలు వచ్చేలోపు చెరువంతా చచ్చిపోతుంది. ఈయనదైతే గట్టు మీదే విప్పి బిగించుకోవచ్చు. ఇంత మంచి వస్తువు పుట్టింది పశువుల పాకలో. అక్కడ వెల్డింగ్ పని సాగడానికి త్రీఫేజ్ కరెంటు లేదు. వెల్డింగ్ చేసే ఇద్దరూ వేసవి దాకా చూసి వెళ్ళిపోతామన్నారు. వాళ్ళు వెళ్తే చక్రం కథ ముగిసినట్టే.

తొట్టెలో చక్రం తిప్పి చూపిస్తే హాలంతా చప్పట్లు. న్యాయనిర్ణేతల్లో పెద్దాయన లాజరుగారు, రిటైరైన బ్యాంకు మేనేజరు, తమవల్ల ఏం కావాలో చెప్పమన్నారు. రాజుగారు చేతులు జోడించారు.

"మీ ఇష్టమండి. మీ దయ ఉంటే చాలండి."

లాజరుగారు మరోలా అడిగి చూశారు. మళ్ళీ అదే దండం, అదే మాట. బహుమతి అగరొత్తుల పరిశ్రమ పెడతామన్నవాళ్ళకు పోయింది.

ఓడిన మనిషి ఇంటికెళ్ళి ముసుగు తన్ని పడుకోవాలా వద్దా? ఈయన న్యాయనిర్ణేతలను ఆదివారం భోజనానికి పిలిచి వచ్చారు! చర్చిలో ప్రార్థన ముగించుకుని లాజరుగారు మిగతా ఇద్దరిని వెంటబెట్టుకుని దిగారు. భార్య సుబ్బాయమ్మగారు వండితే రాజుగారే వడ్డించారు. ఆ ఇద్దరూ చాలు చాలంటూ చేతులు అడ్డం పెడుతుంటే, లాజరుగారు మాత్రం ఆకు ముందుకు జరిపారు.

"రాజుగారూ, ఆ రొయ్యల ఇగురు ఇంకో గరిటె వెయ్యండి."

రాజుగారి మొహం వెలిగిపోయింది. ఒకటి అడిగితే రెండు వేశారు. అతిథులు వెళ్ళాక కూడా ఆ సంబరమే చెప్పుకుంటున్నారు.

ఆకులు తీస్తున్న సుబ్బాయమ్మగారు ఆగి, "అడిగి వేయించుకున్నారని లాజరుగారు మీకు చిన్నగా కనబడ్డారా?" అన్నారు.

"అదేం మాట. నా కడుపు నిండిపోయింది."

"మరి మీరడిగితే మీరెందుకు చిన్నవారవుతారండి? ఆవేళ పోటీలో ఆయన గరిటె పట్టుకుని నిలబడ్డారు. మీరే ఆకు మడిచేశారు."

పెళ్ళినాటినుంచి రాజుగారు ఆమె చేతి వంటను మెచ్చుకుంటూనే ఉన్నారు గానీ, ఆ బుర్రను మెచ్చుకోవడం మాత్రం ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టారు.

ఫిబ్రవరిలో రెండో విడత పోటీ జరిగింది. ఈసారి లాజరుగారు అడిగేదాకా కూడా రాజుగారు ఆగలేదు. చొక్కా చెమటకు తడిసిపోతున్నా తల ఎత్తే చెప్పారు.

"త్రీఫేజ్ కరెంటున్న షెడ్డు కావాలండి. వేసవిలోపే కావాలండి. లేకపోతే నా మనుషులు వెళ్ళిపోతారు."

మూతపడ్డ రైసుమిల్లు షెడ్డు ఒకటి సంఘంవారి చేతిలోనే ఉంది, అది ఇచ్చేశారు. సంక్రాంతి ముందు నుంచీ ఖాళీగానే ఉందట. వెల్డర్లు ఊరు వదల్లేదు. ఆ తర్వాత భీమవరం చుట్టుపక్కల ఏ గట్టు మీద నడిచినా రాజుగారి చక్రం చప్పుడే. ఆ చప్పుడు వినడానికని సుబ్బాయమ్మగారు చెరువుల దారినే చుట్టాలిళ్ళకు వెళ్ళేవారు. గర్వపడితే పడ్డారు, ఆమెకు ఆ హక్కుంది.

ఇప్పుడు పోటీలకు వెళ్ళే ఇంజనీరింగు పిల్లలు సలహా కోసం రాజుగారి దగ్గరికి వస్తారు. ఆయన చెప్పేది తక్కువ. ముందు ఆకు వేసి కూర్చోబెడతారు. కానీ ఊరందరికీ వద్దన్నా కొసరి వడ్డించే ఆ మనిషి, ఈ పిల్లలకు మాత్రం మారు వడ్డించరు. వాళ్ళు నోరు తెరిచి అడిగేదాకా గరిటె పట్టుకుని అలా నిలబడే ఉంటారు.