చిలమత్తూరు దారిలో ‘చినుకు’ బోర్డు

హిందూపురం ప్యాసింజరు ఏడింటికైతే మా నాయన ఆరింటికే ధర్మవరం స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాడు. చిలమత్తూరు దగ్గర ‘చినుకు’ అని ఒక నీళ్ల పార్కుంది. పన్నెండేళ్ల కిందట ఆ పేరును గీసిచ్చింది ఆయనే. బోర్డెక్కాక ఒక్కసారీ చూడలేదు. పార్కు చేతులు మారిందని, లోగో మారుస్తున్నారని నా ఫోన్లో చూసినప్పటి నుంచి ఒకటే పోరు. తీసేసేలోపు చూడాలి, అంతే.

నాయన పట్టుచీరల కొంగులకు గ్రాఫ్ కాగితం మీద డిజైన్లు గీసేవాడు. అక్షరాలనూ అలాగే గళ్లు నింపుతూ గీశాడు. మగ్గానికి ఒంపు తెలియదు కాబట్టి ప్రతి గుండ్రమూ మెట్లు మెట్లుగా దిగుతుంది. కొమ్ముల చివర మామిడి పిందెలు. నేను అనంతపురంలో ఫ్లెక్సీలకు ఫాంట్లు ఎంచే మనిషిని. పెళ్లికీ అదే, పుట్టినరోజుకీ అదే. ఆ మూడక్షరాలంటే నాకు కొంచెం అసూయ.

రైల్లో ఎదుటి సీటు రైతు మా సంగతి విని, “మా బోరు ఎండిపోయి రెండేండ్లాయ. ఆడ నీళ్లు యాడనుంచి వస్తాండాయప్పా?” అన్నాడు.

“నేను పేరే రాసినానన్నా, నీళ్లు పోయలే” అన్నాడు నాయన. ఆ రైతూ నవ్వేశాడు.

హిందూపురంలో ఇడ్లీ తిని, బస్సెక్కి, పదిన్నరకు పార్కు దగ్గర దిగాం. గేటు మీద కొత్త లోగో అప్పటికే ఎక్కేసింది. ఉబ్బిన నీలం అక్షరాలు, నల్లకళ్లద్దాల డాల్ఫిన్. ఏ ఊరి పార్కుకైనా సరిపోతుంది, అందుకే నచ్చలేదు. నాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఒక్క వారం ముందు సెలవు పెట్టలేకపోయానని నాకు ఏడుపొచ్చింది.

గేటు పక్కన శనక్కాయలమ్మే ఆమె, “ఎండలో నిలబడినారేమన్నా, ఈడికి రాండి” అని తన పందిరి కిందికి పిలిచింది. కూర్చుని తలెత్తితే, కప్పు రేకు మీద ‘చినుకు’.

“పాత బోర్డన్నా. పారేస్తాంటే అడిగి తెచ్చుకున్నా. మంచి రేకు” అందామె.

నాయన చాలాసేపు వేలితో గళ్లు లెక్కపెట్టాడు. “‘ను’లో ఒక గడి ఎక్కువ నింపినా పాపా” అని నాతో మెల్లగా అన్నాడు. గీసింది తానేనని ఆమెకు చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

మీరు వెళితే లోపలి జారుడుబండలు తర్వాత చూడొచ్చు. ముందు ఆ పందిరి కింద కూర్చుని తలెత్తండి.

సాయంత్రం తిరుగు రైల్లో, “బోర్డును బోర్లా వేసేసినారు కదా నాయనా” అన్నాను బాధగా.

“మేలే చేసినారు. ఇంక ఎండకు రంగు పోదు” అన్నాడు.